ప్రజాధనం, విద్యాస్వేచ్ఛ: గిరిజన విశ్వవిద్యాలయాల నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థకు స్వతంత్రత ఎంతవరకు న్యాయం? వ్యయం భరించే ప్రభుత్వానికి శాసించే హక్కు కూడా ఉంటుందన్న వాదం సహజంగానే తోస్తుంది. అయితే ప్రభుత్వం ఆ ధనానికి ధర్మకర్త, యజమానులు ప్రజలు. ధర్మకర్త లెక్క అడగవచ్చు గాని, ఏది బోధనీయమో నిర్ణయించజాలడు.

రాజధానికి దూరమైన ప్రాంతాల్లో ఈ భేదం మరింత కీలకం. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయాన్ని వాగ్దానం చేసింది. 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాన్ని 2019లో ఆంధ్రప్రదేశ్ కోసం, 2023లో తెలంగాణ కోసం సవరించారు. ఆ చట్టం ప్రకారం రాష్ట్రపతి విజిటర్. లెక్కల తనిఖీ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ది. తొలి కార్యనిర్వాహక మండలిని నియమించేది కేంద్ర ప్రభుత్వం.

ఆర్థిక బాధ్యతకు ఈ ఏర్పాటు చాలవచ్చు. కాని ములుగు ప్రాంతపు కోయ, ఉత్తరాంధ్ర మన్యంలోని కువి, సవర భాషలకు పాఠ్యప్రణాళికలో ఏ స్థానమివ్వాలో, గిరిజన వైద్యజ్ఞానాన్ని ఎవరి సమ్మతితో గ్రంథస్థం చేయాలో ఆడిట్ తేల్చలేదు. ఆచార్యులూ ఆ సమాజాలవారూ కలిసి నిర్ణయించవలసిన విషయాలివి. సంస్థకు స్వేచ్ఛ లభించినా స్థానికుల మాటకు అందులో చోటు లేకపోతే, దూరాన ఉన్న అధికారం దగ్గరకు వచ్చిందనే చెప్పాలి.

స్థానికాభిప్రాయం సైతం పరిశోధన ఫలితాన్ని శాసించరాదు. ఖజానాకు లెక్కలు, ప్రజలకు ప్రయోజనం చూపిన తరువాత, సత్యాన్వేషణలో విద్వాంసుని స్వేచ్ఛను కాపాడటమే పాలనాధర్మం.