ఎవరును అడుగనంత మాత్రమున మనదగునా?



స్వస్థలము విడిచి వచ్చి వేరు నేలలో స్థిరపడిన మన తెలుగు సంఘములలో అనేకమునకు నేడు యూట్యూబులో ఒక ఛానెలు ఉన్నది. ఆదివార ఆరాధన, క్రిస్మస్ పాటలు, వివాహములు, చివరకు భూస్థాపన కూడికలు సైతము అందులో నిలువ ఉన్నవి. సెలవు దొరకక రాలేకపోయిన కుమారుడు తన తల్లి కడపటి కూడికను చూచుకొనునది అక్కడనే. అట్టి చోటికి ఒక దినమున "మీరు పెట్టిన ఈ పాట మాది" అని నోటీసు వచ్చును. వచ్చిన తోడనే కమిటీలో రెండు మాటలు పుట్టును. "అందరును పెట్టుచుండగా మనలనే ఏల పట్టుకొనవలెను?" అని ఒకరు. "దేవుని పాటకు మనుష్యుడు యజమాని ఎట్లగును?" అని మరియొకరు. రెండును మంచి మనస్సుతో అనినవే. అయినను రెండును అసలు ప్రశ్నను దాటిపోవుచున్నవి. ఒక పని తప్పగుట ఎవరో ఫిర్యాదు చేయుట వలననా, లేక ఫిర్యాదు లేకున్నను అది తప్పేనా?

ఈ ప్రశ్నకు యానాం మంచి బడి. గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరగా ఉన్న సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న చోటు అది. చుట్టును ఆంధ్ర దేశమే, భాష తెలుగే. కాని 1954 వరకు అక్కడ నడచినది ఫ్రెంచివారి పాలన. చట్టరీత్యా భారతదేశములో కలిసినది 1962లో. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము వచ్చి, 14 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదని కట్టడి చేసినప్పుడు, చుట్టుప్రక్కల వారు పిల్లలను వెంటబెట్టుకొని యానాం వెళ్లి పెండ్లిండ్లు చేసి వచ్చిరి. ఊరికి కల్యాణపురము అను పేరు కూడ వచ్చినది. ఫ్రెంచి సరిహద్దు లోపల ఆ చట్టము చెల్లదు గనుక "మేము చట్టము తప్పలేదు" అని చెప్పుకొనుటకు వారికి వీలుండెను. అది నిజమే. అయితే సరిహద్దు దాటినందువలన ఆ బాలిక వయస్సు ఒక్క దినమైనను పెరిగినదా?

ఎవరైనను తమ పాటను, దృశ్యమును తెచ్చి పెట్టుకొనగల వెబ్‌సైటులు నేడు మనకు అట్టి సరిహద్దునే కల్పించుచున్నవి. ఇందుకు కారణము లేకపోలేదు. లెక్కలేనంతమంది తెచ్చి పెట్టు దానిని సైటువారు ముందుగా విని పరీక్షింపలేరు. వంతెన లేని దినములలో గోదావరి దాటించు పడవవాడు ప్రతి మూటను విప్పి చూడడు. ఫలానా మూట దొంగసొత్తు అని తెలిసిన పిమ్మట మాత్రము దానిని దింపవలెను. మన చట్టము కూడ ఇంచుమించు ఇట్లే చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేసిన సవరణ ప్రకారము, హక్కుదారుడు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసినచో సైటువారు దానిని 21 దినములు నిలిపివేయవలెను. ఆ లోపల కోర్టు ఉత్తరువు రానిచో తిరిగి తెరువవచ్చును. టి-సిరీస్ పేరుతో పాటలు అమ్ము సూపర్ క్యాసెట్స్ కంపెనీకిని మైస్పేస్‌కును జరిగిన వ్యాజ్యములో 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు సారము కూడ ఇదే: ఫలానా పాట అని నిర్దిష్టముగా తెలియనిదే సైటువారిని బాధ్యులను చేయరాదు.

పడవవానికి ఇది న్యాయమే. కాని మూట కట్టినవానికి అందులో ఏమున్నదో తెలియును గదా. పడవవానికి ఇచ్చిన మినహాయింపును మూట కట్టినవాడు తన భుజముమీద వేసికొనుట తగదు.

అయితే మూటలో ఉన్నది ఎవరిది అని తేల్చుట అంత సులభము కాదు. యానాంతో సంబంధమున్న ఉదాహరణమునే చూతము. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు చిన్నతనమున యానాంలో చదువుకొనినవారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి, తిరుపతి వేంకట కవులను పేరుతో వెలువరించిన పాండవోద్యోగ విజయముల పద్యములు అక్షరము రాని రైతు నోట కూడ ఆడినవి. నేడు ఏ తిరునాళ్లలో ఆ నాటకము ఆడినను ఎవరో ఒకరు ఫోనులో పట్టి యూట్యూబులో పెట్టుదురు. అది ఎవరి సొత్తు? తిరుపతిశాస్త్రిగారు 1920లోను, వేంకటశాస్త్రిగారు 1950లోను గతించిరి. ఇద్దరు కలిసి వ్రాసిన దానికి చివర గతించినవారి మరణము నుండి లెక్క కట్టవలెనని చట్టము. ఆ గడువు మొదట 50 ఏండ్లు. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాగూరు రచనల గడువు 1991తో తీరిపోవుచుండగా దానిని 60 ఏండ్లకు పెంచిరి. ఠాగూరు నిమిత్తము పెంచిన ఆ పదేండ్లు మన జంట కవులకును కలిసివచ్చినవి. కావున 2010 చివరి దినము వరకు ఆ పద్యములకు హక్కుదారులు ఉండిరి; 2011 నుండి అవి అందరివి. పందిరి క్రింద పద్యము పాడి "వన్స్‌మోర్" అనిపించుకొను నటునికి ఈ లెక్కతో పనియేమి అందురేమో. నిజమే, కాని అతని వీడియోను ఆపుటయు ఉంచుటయు ఈ లెక్కమీదనే ఆధారపడి ఉన్నది.

ఇంతటితో అయిపోలేదు. పద్యము అందరిదైనను, దానిని ఒక నటుడు పాడగా ఒక కంపెనీ తీసిన రికార్డు వేరే సొత్తు. అది ప్రచురణమైన మరుసటి సంవత్సరము నుండి దానికి 60 ఏండ్ల గడువు. పాడినవానికి కూడ 1994 సవరణ నుండి వేరుగా హక్కు ఉన్నది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల సంగతియు అంతే. ఆయన 1890లో గతించెను. ఆ సాహిత్యమునకు నేడు యజమాని లేడు, ఏ సంఘమైనను పాడుకొనవచ్చును. కాని ఈ మధ్య విడుదలయిన ఒక ఆల్బము నుండి ఆ కీర్తన ట్రాకును తీసికొని మన గాయకబృందము వెనుక మ్రోగించినచో, దానిని వాయించినవారును రికార్డు చేసినవారును సజీవులు. "పాత పాటయే కదా" అను మాట అక్కడ చెల్లదు.

ఇక నోటీసు పంపువారి మాట. యూట్యూబువారు 2007లో కంటెంట్ ఐడి అను యంత్ర పద్ధతిని పెట్టిరి. హక్కుదారులమని చెప్పువారు ముందుగా ఇచ్చిన రికార్డులతో పోల్చి, పోలిక కనబడిన చోట ఆ యంత్రమే క్లెయిము వేయును. ఆ వీడియోను ఆపుటయు, దానిమీద వచ్చు ప్రకటనల ఆదాయము తీసికొనుటయు, ఊరక ఎంతమంది చూచిరో లెక్క చూచుకొనుటయు క్లెయిము వేసినవారి ఇష్టము. యంత్రమునకు తెలిసినది పోలిక మాత్రమే. యజమాని ఎవరో దానికి తెలియదు. మన సంఘపు స్త్రీలు తాళములతో తామే పాడిన పాత కీర్తనను సైతము, అది ఎవరి ఆల్బములోనో ఉన్నదని ఆ కంపెనీ ఖాతాలో వేయవచ్చును. తొలగింపు కోరుచు హక్కుదారుడు నేరుగా పంపు నోటీసు ఇంతకన్న బరువైనది. 90 దినములలో అట్టివి మూడు పడినచో ఛానెలే మూతపడవచ్చును. ఆ తల్లి భూస్థాపన కూడిక కూడ దానితోనే పోవును.

పది ఆజ్ఞలలో ఎనిమిదవది ఇతరుల పాటను ఎత్తుకొనువానిని పట్టుకొనునని మనకు బాగుగా తెలియును. తొమ్మిదవది, తనది కానిదానిని తనదని వ్రాసి పంపువానిని కూడ పట్టుకొనునని అంతగా తలంచము. నా మట్టుకు ఈ రెండవ తప్పు మొదటిదానికన్న చిన్నదిగా కనబడదు. మొదటివాడు పాటను అనుమతి లేక వినిపించుచున్నాడు. రెండవవాడు పాడుకొను హక్కు ఉన్నవాని నోరు మూయుచున్నాడు, అదియు ఎదుటివాని భయమును నమ్ముకొని. ఆధారము లేని బెదిరింపునకు గురియైనవారు కోర్టుకు వెళ్లవచ్చునని మన చట్టములో 60వ సెక్షను ఉన్నది. తెలిసి అబద్ధపు నోటీసు పంపినవాడు నష్టము చెల్లింపవలెనని అమెరికాలో 1998 నాటి చట్టమును ఉన్నది. అయితే చిన్న సంఘము కోర్టుకు పోవునా? పోదు. వీడియో తీసివేసి ఊరకుండును. దీనిని వినయమని కొందరు మెచ్చుకొందురు గాని నేను ఒప్పుకొనను. నోటీసు వచ్చినందుననే మనము దొంగలము కాము, రానందుననే నిర్దోషులము కాము. పాట మనము పాడినదై, సాహిత్యము గడువు తీరినదై ఉన్నచో, ఆ మాట మర్యాదగా వ్రాసి అభ్యంతరము తెలుపవలెను. యూట్యూబులో అందుకు దారి ఉన్నది. క్లెయిము వేసినవారు 30 దినములలో జవాబు చెప్పవలెను.

"ఆరాధన గనుక అంతయు చెల్లును" అనువారును ఉన్నారు. నిజమైన మత కార్యక్రమములో పాట పాడుట ఉల్లంఘన కాదని మన చట్టమే చెప్పుచున్నది. పెండ్లి ఊరేగింపును సైతము అందులో చేర్చినది. అది మందిరములో పాడుకొనుటకు చాలును. దానిని రికార్డు చేసి లోకమంతటికిని ఎల్లకాలము అందుబాటులో ఉంచుట వేరు సంగతి. అమెరికాలో ఉన్న మినహాయింపు కూడ ఆరాధన స్థలము వరకే. ఏ దేశములో ఉన్నవారు ఆ దేశపు చట్టమును విచారించుకొనవలెను.

దేవుని పాటకు యజమాని ఎవరు అను ప్రశ్నకు వత్తును. మన మందిరము కట్టిన తాపీమేస్త్రికి కూలి ఇచ్చితిమి. దేవుని మందిరమునకు కూలి యేమి అని ఎవరును అనలేదు. పాట కట్టినవాడును మేస్త్రియే. ఇంగ్లీషువారి కాపీరైటు అను మాటకు అర్థము నకలు తీయు హక్కు అని. యానాంను ఏలిన ఫ్రెంచివారి మాటకు గ్రంథకర్త హక్కు అని అర్థము. నాకు ఈ రెండవ మాటయే నచ్చినది, ఏలయనగా అందులో మనిషి కనబడుచున్నాడు. మన చట్టములోని 57వ సెక్షను కూడ ఈ దారిదే: హక్కును అమ్ముకొనినను, ఇది నేను వ్రాసినది అని చెప్పుకొను అధికారము గ్రంథకర్తకు పోదు. గోదావరి జిల్లాలలో పాటలు వ్రాసి, అప్పుచేసి రికార్డు చేయించుకొనువారి ఆల్బమును యథాతథముగా ఎత్తి, పైన తమ సంఘము ముద్ర వేసి పెట్టువారు ఉన్నారు. అది ఆరాధన కాదు. ఆ పాటలలో పేరుతోపాటు ఫోను నంబరు కూడ ఉండును. ఒక్కసారి మాటలాడుటకు ఎంత సేపు?

రచయిత ఎవరో తెలియని పాటలు కూడ మన నోళ్లలో చాల ఉన్నవి. అట్టి దాని క్రింద "రచన: మా సంఘము" అని వ్రాయుటకు బదులు "రచన: తెలియదు, తెలిసినవారు తెలుపగలరు" అని వ్రాయవచ్చును. ఎక్కడో ఏ మనుమరాలో చూచి, అది మా తాతగారు వ్రాసినదని జవాబు పంపవచ్చును.