తగ్గిన అక్షరము, తగ్గిన కూలి



మార్కాపురము పలకల క్వారీలో పనిచేయు మన సంఘ సహోదరుడొకరు మొన్న తన కుమార్తె నోటుపుస్తకముతో మా యొద్దకు వచ్చెను. ఆమె ఇంగ్లీషులో 'లేబర్' అను క్రియను 'యు' అక్షరము లేకుండ వ్రాయగా పంతులుగారు ఎర్రసిరాతో కొట్టివేసిరి. ఇంటనున్న పాత మిషను పుస్తకములో అట్లే యున్నదే, ఏది సరియని వారి ప్రశ్న.

రెండును సరియే. బ్రిటిషువారు చివరి 'ఆర్'కు ముందు 'ఓ, యు' అని రెండక్షరములు వ్రాయుదురు. అమెరికావారు 'యు'ను విడిచిరి. 1828లో నోవా వెబ్‌స్టరు ప్రచురించిన నిఘంటువులోను అట్లే యున్నది. మార్కాపురము తట్టు అమెరికా బాప్టిస్టు మిషను, గిద్దలూరు తట్టు ఇంగ్లండు ఎస్.పి.జి. మిషను పనిచేసినవి గదా. మన బడులలో బ్రిటిషు పద్ధతి గనుక బిడ్డ 'యు' వ్రాయవలెను.

అర్థములు మాత్రము ఇరువురికి ఒక్కటే. చెమటోడ్చి పనిచేయుట మొదటిది. ప్రసవవేదనకును అదే మాట. ఎఫ్రాతా మార్గమున రాహేలు పడినది అదే. చెప్పినదే సాగదీసి చెప్పుటకును వాడుదురు. ఇది బోధకులమైన మాకు బుద్ధి! మత్తయి 11:28లో ప్రభువు పిలిచిన ప్రయాసపడువారిని గూర్చి 1611 నాటి ఆంగ్ల బైబిలు వాడినదియు ఈ క్రియయే.

ఇదంతయు విని ఆ తండ్రి, "అయ్యగారూ, ఒక్క అక్షరం తగ్గితే పంతులుగారు దిద్దినారు. మా కూలి తగ్గిస్తే దిద్దేదెవరు?" అనెను.

మాకు వెంటనే జవాబు రాలేదు. గుడి ప్రహరీ కట్టిన తాపీవారికి, "కానుకలు రానీయండి" అని చెప్పి రెండు వారములు కూలి ఆపినది మేమే. 1876-78 కరువులో ఆకలిగొన్నవారికి పని దొరకవలెనని ఒంగోలు క్లౌ దొరగారు బకింగుహాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొనిరి. మన పెద్దలలో కొందరు ఆ కూలితో బ్రదికిరి. అట్టి సంఘము ఒకరి కూలిని ఆపవచ్చునా?

యాకోబు 5:4 చదువుడి. మనము పట్టి యుంచిన కూలికి నోరున్నది. దాని కేక దేవుని చెవిని చేరును. ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 నేర్పుచున్నది.

మేము ఆ తాపీవారి యిండ్లకు పోయి క్షమాపణ అడిగితిమి. పొలమున్న సహోదరులారా, మిరప కోతకు మనుష్యులను పిలుచునప్పుడు పొద్దు గుంకక మునుపే లెక్కచూచి వారి చేతిలో పెట్టుడి. కూలి ఇచ్చిన ఆ చేతులతోనే ఆదివారము కానుక తెండి.