కదలలేని దేహమునకు జంగమత్వము



పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు దేహమునే దేవాలయమని బోధించి, స్థావరము కంటె జంగమమునే మిన్నగా నెంచెను. పక్షవాతము సోకియో, తుంటి విరిగియో మంచము పట్టిన వారి దేహము స్థావరమువలె నగును. ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, రక్తప్రసారము తగ్గి, నడుము క్రిందను, తుంట్లపైనను, మడమలపైనను పడకపుండ్లు ఏర్పడును.

వీనిని చాలవరకు నివారింపవచ్చును. సుమారు రెండు గంటల కొకసారి రోగిని ఒత్తిగిలజేయవలెను. ఈడ్వక, ఎత్తి జరుపవలెను. పిక్కల క్రింద దిండుంచి మడమలు పరుపునకు తగులకుండ చూడవలెను. తడిసిన బట్టను వెంటనే మార్చవలెను. పప్పు, పాలు, పెరుగు తగినంత పెట్టవలెను.

వేలితో నొక్కినను ఎఱ్ఱదనము పోకున్నచో అదియే తొలి హెచ్చరిక. నల్లని మేనిలో ఎఱ్ఱదనము కనబడకపోవచ్చును. వేడిమి, గట్టిదనము, నొప్పి గమనింపవలెను. అచ్చట నూనెతో మర్దించుట మేలని పలువురు తలతురు. అది లోపలి కండను మరింత చెఱచును. పుండు నల్లబడినను, దుర్వాసన వచ్చినను, జ్వరము తగిలినను పసుపు పూసి వేచియుండరాదు, వైద్యునకు చూపవలెను. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. కోదాడ, మిర్యాలగూడలందును ప్రభుత్వాసుపత్రులు కలవు.

ఈ భారమును కోడలొక్కతెకే విడువరాదు. కుమారులును వంతులు వేసికొనవలెను. ఇది ఇంటిల్లిపాదికిని కాయకము. నడిరేయి లేచి ముసలితల్లిని ప్రక్కకు త్రిప్పు చేయి, కదలలేని ఆ దేహమునకు జంగమత్వము నొసగును. దాసోహమన నిదియే.