పాత డిస్క్, కొత్త డిస్క్... మరి "నేను" ఎక్కడ?



ఈ వేసవిలో నూజివీడు వెళ్లేసరికి నాన్న కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ టకటకమంటోంది. అందులో డెబియన్ లినక్స్, మామిడి తోట లెక్కలు, పోయిన తాతయ్య పాడిన భజనల రికార్డింగులు ఉన్నాయి. వెంటనే కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చి, ఆర్‌సింక్‌తో అన్నీ కాపీ చేశా. పాత డిస్క్ తీసేసి ఆన్ చేస్తే బూట్ అవ్వలేదు!

కారణం చిన్నదే. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లకి సాధారణంగా యూయూఐడీ అని 128 బిట్ల గుర్తింపు ఉంటుంది. ఫార్మాట్ చేసినప్పుడు కొత్త డిస్క్‌కి కొత్త గుర్తింపు వచ్చింది. కాపీ అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్, గ్రబ్ సెట్టింగుల్లో మాత్రం పాతదే ఉంది. అంటే కొత్త ఇంట్లోకి వచ్చి, పాత డోర్ నంబర్ వెతుక్కుంటోంది! రెండూ సరిచేశాక లేచింది.

"గీత రెండో అధ్యాయం 22వ శ్లోకంలో చెప్పినట్టే నాన్నా, పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకోవడం" అన్నా గొప్పగా.

నాన్న ఒప్పుకోలేదు. "బట్టలు విడిచాక వాటిలో మనిషి ఉండడు కదరా. పాత డిస్క్‌లో అన్నీ అలాగే ఉన్నాయిగా? అది పారేయకు, అందులో నాన్నగారున్నారు."

నా దగ్గర జవాబు లేదు. రాత్రి తోటలో కూర్చుంటే గాలికి పండ్ల వాసన వస్తోంది. అప్పుడు 15వ అధ్యాయం 8వ శ్లోకం గుర్తొచ్చింది. గాలి వాసనల్ని మోసుకెళ్లినట్టు, జీవుడు మనసునీ ఇంద్రియాలనీ వెంట తీసుకెళ్తాడట. డిస్క్‌లో ఉన్నవి కూడా వాసనలే: అలవాట్లు, జ్ఞాపకాలు, గుర్తులు. అవి కాపీ అవుతాయి. చిన్నరసం అంటు కట్టినా అంతే కదా, తల్లి చెట్టు ఉండగానే అదే రుచి ఇంకో వేరు మీద కాస్తుంది. కానీ వేదాంతం "నేను" అన్నది వీటన్నిటినీ చూసే సాక్షిని. సాక్షి ఫైల్ కాదు, కాపీ అవ్వదు. పాతదానిలోనూ లేదు, కొత్తదానిలోనూ లేదు.

మనమూ ఆ కంప్యూటర్ లాంటివాళ్లమే. ఊరు మారతాం, ఉద్యోగం మారతాం, లోపల మాత్రం "నేను ఫలానా" అనే పాత నంబర్ వెతుకుతూ ఆగిపోతాం.

పొద్దున్నే కొత్త డిస్క్ నుంచి తాతయ్య భజన పెట్టా. నాన్న కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. "గొంతు ఆయనదే. ఆయన మాత్రం దీనిలోనూ లేరు, దానిలోనూ లేరు" అన్నారు మెల్లగా.

పాత డిస్క్ ఇంకా బీరువాలోనే ఉంది. ఉండనీ అనుకున్నా. వదలడానికి కూడా టైం పడుతుంది కదా.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.