కారుంది, ఇల్లు లేదు

 

"ఏటి బావూ, కారెక్కి తిరుగుతావు, ఉండేదేమో అద్దె కొంప!" ఈ ఎత్తిపొడుపు మన పేటల్లో ఈమధ్య తరచుగా వినపడుతోంది. మీరూ విని ఉంటారు, ఒకవేళ అనీ ఉంటారు. మా ఆదివారం ధమ్మ కూటంలో ఒక ఉపాసకుడు దీన్నే ప్రశ్నగా చేసి అడిగాడు. సొంత ఇంటికి పైసా పైసా కూడబెడుతూ, ఇంకోపక్క కారుని ప్రాణంలా చూసుకోవడం ధమ్మానికి విరుద్ధమా? వెనక కూర్చున్న ఒకాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "తృష్ణే దుఃఖానికి మూలం. అమ్మెయ్."

అంత తొందరగా తేల్చే విషయం కాదిది. మీరే ఆలోచించి చూడండి.

బుద్ధుడి దగ్గరకు గృహస్థులు వచ్చి అడిగిన ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే. కోలియుల ఊరు కక్కరపత్తంలో దీఘజాణు అనే ఆయన వచ్చి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. మేం భార్యాబిడ్డలతో బతికేవాళ్ళం, కాశీ చందనం పూసుకుంటాం, పూలదండలు వేసుకుంటాం, బంగారం వెండి ముట్టుకుంటాం, మాకు పనికొచ్చేది చెప్పండి అన్నాడు. చందనం మానెయ్యమని బుద్ధుడు అనలేదు. కష్టపడి సంపాదించమన్నాడు, సంపాదించింది కాపాడుకోమన్నాడు, మంచివాళ్ళతో స్నేహం చెయ్యమన్నాడు, రాబడికి తగ్గట్టు ఖర్చు పెట్టమన్నాడు. మితిమీరి ఖర్చు చేసేవాడిని ఎలా తప్పుపట్టాడో, ఉండీ అనుభవించకుండా దిక్కులేనివాడిలా బతికేవాడినీ అలాగే తప్పుపట్టాడు. ఈ రెండో సగం మన ఉపన్యాసాల్లో సాధారణంగా ఎగిరిపోతుంది.

బాబాసాహెబ్ ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. 1957లో అచ్చైన 'బుద్ధుడు ఆయన ధమ్మం' ఎనిమిదో భాగంలో, బుద్ధుడికి పేదరికమంటే అయిష్టమని ఒక ప్రకరణం రాశాడు. దాని పక్కనే, పోగేసుకునే బుద్ధి అంటే కూడా అయిష్టమని ఇంకో ప్రకరణం పెట్టాడు. ఆ వెంటనే, అందమైన వాటిని చూసి బుద్ధుడు సంతోషించేవాడని మూడోది. ఈ మూడూ వరసగా చదవండి. ఒక నున్నటి వస్తువుని చూసి ముచ్చటపడితేనే పాపమన్నట్టు మాట్లాడేవాళ్ళకి అక్కడే జవాబుంది.

ఇంకో సంగతి. బండి అనేది మనకు వట్టి వస్తువు ఎప్పుడూ కాదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న సంఘటనలు గుర్తు తెచ్చుకోండి. 1901లో చిన్నపిల్లాడిగా తండ్రి దగ్గరికి కోరేగావ్ వెళ్తూ మసూర్ స్టేషన్లో దిగితే, మహర్ పిల్లలని తెలిసి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటేగాని ఒకడు ఒప్పుకోలేదు. 1929లో చాలీస్‌గావ్‌లో, అప్పటికి ఆయన బారిస్టర్, టాంగావాళ్ళు ఆయన్ని ఎక్కించుకుని తోలడానికి నిరాకరించారు. తోలడం రాని మన మనిషే తోలాడు. వంతెన మీద చక్రం ఇరుక్కుని ఆయన కిందపడ్డాడు, కాలు విరిగింది. ఇది తెలిసిన మనిషి, పేటలోంచి ఒక కుర్రాడు సొంత స్టీరింగు పట్టుకుని ఊరి నడివీధిలోంచి పోతుంటే దాన్ని వట్టి తృష్ణ అనగలడా? నేనైతే అనలేను.

ఆ కుర్రాడి సంగతి కొంచెం చెప్పాలి. చీపురుపల్లి పక్క పల్లెలో మెకానిక్. పని ఉన్న నెల పదివేలు, లేని నెల దాంట్లో సగం. పాత సామాన్ల కొట్టుకి పోవాల్సిన మారుతీ 800 ఒకటి తెచ్చుకుని ఏడాదిన్నర పాటు రాత్రిళ్ళు కూర్చుని బాగుచేసుకున్నాడు. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది, సామాను దొరకడం కష్టం. మిలిందరాజుకి నాగసేనుడు చెప్పిన రథం పోలిక నేను కూటంలో చదివినప్పుడు అందరికంటే ముందు అర్థమైంది అతనికే. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని నాగసేనుడు అడిగితే రాజు కాదు కాదు అంటాడు కదా. "అవున్సార్, నేను మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచినప్పుడు అక్కడ కారు లేదు" అన్నాడు. అయినా ఆ కారంటే అతనికి ప్రాణమే. తెలివిడి వేరు, మమకారం వేరు.

ఆ కారులోనే మేం ఐదుగురం వంశధార ఒడ్డున శాలిహుండం కొండకి వెళ్ళొచ్చాం. 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు లోకానికి చూపించిన ఆ స్తూపాల దగ్గర కూర్చుని పంచశీల చెప్పుకున్నాం. కాబట్టి ఆ కారుకి నేనూ కొంచెం ఋణపడి ఉన్నాను. నా మాటల్లో పక్షపాతం కనిపిస్తే అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇక లెక్కలోకి వద్దాం. బుద్ధుడు అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు: న్యాయంగా సంపాదించింది ఉందన్న సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, తప్పు చెయ్యలేదన్న సుఖం. ఈ నాలుగూ మన కార్ల మీద పెట్టి చూడండి. ఫైనాన్సు మీద కొత్త కారు తెచ్చుకున్నవాడి సంగతి మొదట. నాలుగు లక్షల అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్ళు. నెలకు దాదాపు 8,500 కట్టాలి. చివరికి 5 లక్షల 10 వేలు అవుతుంది, అంటే వడ్డీకే లక్షా పదివేలు పోయింది. ఈ ఐదేళ్ళూ అనుభవించే సుఖం ఉంటుందేమో గాని అప్పు లేని సుఖం లేదు, ఇంటి గోడ ఒక్క ఇటుకా లేవదు. ఇలాంటివాళ్ళకి నా సలహా కటువుగానే ఉంటుంది: ఇల్లు కావాలనుకుంటే ఆ కారు తేవద్దు.

మన మెకానిక్ తమ్ముడి లెక్క వేరు. అప్పు లేదు. అమ్మితే పాతికో ముప్ఫయ్యో వస్తుంది, దాంతో పునాది కూడా లేవదు. కానీ ఉంచుకున్నందుకు ఏటా రెండువేల పైచిలుకు థర్డ్ పార్టీ బీమా, వంద దాటిన పెట్రోలు, 15 ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు (2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000కి పెరిగింది). సిగాలోవాద సుత్తంలో రాబడిని నాలుగు భాగాలు చెయ్యమంటాడు: ఒకటి బతకడానికి, రెండు పనికి పెట్టుబడి, ఒకటి ఆపదకి దాపు. అది వ్యాపారం చేసుకునే గృహపతి కొడుక్కి చెప్పిన లెక్క. పదివేల రాబడిలో పావువంతుతో ఎవరూ ఇల్లు నడపలేరు, ఆ సుత్తం చదివి మన కూలీతల్లులు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ ఆపదకి దాపు అనే భాగం చిన్నదైనా ఉండాలి. అది పెట్రోలు బంకులో కరగకూడదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. 2019 చివర్లో మన రాష్ట్రంలో బియ్యం కార్డుకి పెట్టిన అర్హతల్లో, కుటుంబానికి నాలుగు చక్రాల బండి ఉండకూడదని ఒకటి. టాక్సీకి, ఆటోకి, ట్రాక్టరుకి మినహాయింపు. కార్డు లేకపోతే ఇళ్ళ స్థలానికీ అర్హత పోతుంది. 2020 డిసెంబరు 30న విజయనగరం పక్కన గుంకలాంలో పెద్ద లేఅవుట్ ప్రారంభించి పట్టాలు ఇచ్చారు, గుర్తుందా? పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఇప్పటి ప్రభుత్వం మూడు సెంట్లు, రెండు సెంట్లు అంటోంది. ఏదైనా సరే, మన తమ్ముడి కారు అక్కడ అడ్డు నిలబడుతుంది. దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే బుల్లెట్ బండి అడ్డు కాదు, ఎందుకంటే దానికి చక్రాలు రెండే. ఈ నిబంధన అన్యాయమని నేను అనుకుంటున్నాను. చక్రాలు లెక్కపెట్టి పేదరికం కొలవడం తప్పు.

అందుకని ఊళ్ళో అందరూ ఒకటే ఉపాయం చెబుతున్నారు: "బావమరిది పేర రాయించెయ్, కారు నీ గుమ్మంలోనే ఉంటాది." ఇది తప్పా? నాలుగో శీలం ప్రకారం అబద్ధమే. "అన్యాయమైన నిబంధనని అబద్ధంతో దాటితే ఏటి?" అని మీరు అడగొచ్చు. బలమైన ప్రశ్నే. బాబాసాహెబ్ అంతటివాడే బరోడాలో అద్దెకి గది దొరక్క, పార్సీ పేరు పెట్టుకుని పార్సీ సత్రంలో దిగాడు కదా అని కూడా అనొచ్చు. నిజమే, దిగాడు. ఆయన దాన్ని దాచుకోలేదు, తనే రాశాడు. ఎలా ముగిసిందో కూడా రాశాడు. పదకొండో రోజు పొద్దున్న కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. ఇంకో పేరు మీద దొరికిన కప్పు కింద పదకొండు రోజులూ ఆయన భయంతోనే ఉన్నాడు. ఆయనకి వేరే దారి లేదు, తల దాచుకోవాలి. ఆ పేరు వల్ల వచ్చిన దెబ్బ కూడా ఆయన మీదే పడింది. మన ఉపాయంలో దెబ్బ పడేది బావమరిది మీద. 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రమాదం జరిగితే రిజిస్టర్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్ళదే, బండి చేతులు మారిపోయినా సరే. ఒకవేళ బీమా లేని రోజున చిలకపాలెం జంక్షన్లో ఎవరినైనా గుద్దితే, కారెక్కని ఆ మనిషి జీవితాంతం కడతాడు. మనకి ఇష్టమైన వస్తువు తాలూకు దుఃఖాన్ని ఇంకొకరి పేర రాయించడం అవుతుంది. నాలుగో సుఖం, తప్పు చెయ్యలేదన్న సుఖం, ఇక్కడే పోతుంది.

కూటంలో ఇంతసేపూ మాట్లాడింది మగవాళ్ళమే. చివర్లో ఆ తమ్ముడి భార్య అంది: "కారు ఆయన పేర. పట్టా వస్తే నా పేరన వస్తాది."

అంతే అంది. మాకు ఎవరికీ ఇది తట్టలేదు. ఇళ్ళ పట్టాలు ఇంటి ఆడమనిషి పేర ఇస్తున్నారు. అంటే ఇక్కడ తూకంలో ఉన్నవి కారు, ఇల్లు మాత్రమే కాదు. అతని పేర ఉన్న ఒక వస్తువు కోసం, ఆమె పేర రాగలిగిన ఒకే ఒక్క ఆస్తి ఆగిపోతోంది. సిగాలుడికే బుద్ధుడు భర్త బాధ్యతలు చెప్పాడు: గౌరవించడం, కించపరచకపోవడం, నమ్మకంగా ఉండడం, అధికారం అప్పగించడం, నగలు ఇవ్వడం. నగల దగ్గర మన మగవాళ్ళు చెవులు రిక్కిస్తారు. అధికారం అప్పగించడం దగ్గర దగ్గొస్తుంది. 'నా కారు నాకు ఇష్టం' అనే మాట ధమ్మానికి విరుద్ధమా అని కాకుండా, ఆ ఇష్టానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అని అడిగితే సమాధానం వెంటనే దొరుకుతుంది. నాకు దొరికింది.

భిక్షువుకి అవసరమైనవి నాలుగే: చీవరం, ఆహారం, నివాసం, మందు. నివాసం ఎందుకంటే చలి, ఎండ, గాలి, దోమలు, పాముల నుంచి కాపాడుకోవడానికి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి పలాస, మందస, వజ్రపుకొత్తూరు పక్క రేకుల ఇళ్ళలో ఉన్నవాళ్ళని అడగండి, ఆ మాటకి అర్థం చెబుతారు. ఆ నాలుగింటిలో వాహనం లేదు. అయితే వినయంలో ఒక మినహాయింపు ఉంది. భిక్షువు బండెక్కకూడదు గాని, రోగి అయితే ఎక్కొచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఊళ్ళకి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ మినహాయింపే గుర్తొస్తుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పలాసో సోంపేటో పోవాల్సిన మనిషికి, పక్కింటి పాత కారు ఎంత మేలో చెప్పక్కర్లేదు. అలాంటి కారు సొంతదారుని 'అమ్మెయ్' అని నేను అనను. మన మెకానిక్ కారు అలాంటిది కాదు. అది ముచ్చట కోసమే ఉంది. ముచ్చట తప్పు కాదు, ఆమె పట్టా ఖరీదు చేసే ముచ్చట మాత్రం ఎక్కువ.

ఆనందుడికి ఉదేనరాజు రాణి ఐదువందల వస్త్రాలు ఇచ్చిన కథ బాబాసాహెబ్ పుస్తకంలో ఉంది. రాజు అనుమానపడి అడిగితే ఆనందుడు చెబుతాడు: చిరిగిన చీవరాలు ఉన్నవాళ్ళకి ఇవి ఇస్తాం, పాతవి పరుపుల మీదకి, ఆ పాతవి నేల మీదకి, ఆ పాతవి కాళ్ళు తుడుచుకోడానికి, చివరికి మట్టిలో కలిపి గోడకి, నేలకి మెత్తుతాం అని. ఒక వస్తువు చేతులు మారుతూ మారుతూ ఇంటి గోడ దాకా వెళ్ళింది. భార్యాభర్తలిద్దరూ ఈ కథ విన్నారు. ఏం చెయ్యాలో వాళ్ళే మాట్లాడుకున్నారు. కారు బొబ్బిలిలో డ్రైవింగు నేర్పే ఒకాయన అడుగుతున్నాడట. బేరం కుదిరితే నిజంగా అమ్మకం, నిజంగా పేరు మార్పు. ఆ సొమ్ము ఆమె పేర పోస్టాఫీసులో వేస్తారు, నెలకు వెయ్యి ఆర్‌డి కడతారు. అతనికి బాధగానే ఉంది. ఆ బాధ ఉండకూడదని నేను చెప్పలేదు.

నిబంధన సంగతి అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్ళు దాటిన పాత కారు వల్ల కార్డు పోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే, ఆర్‌సి నకలు, పాత కార్డు నకలు పట్టుకుని రండి. కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడదాం. బండి చక్రాలు కాదు, బండి విలువ చూడమని అడుగుదాం. అర్జీ తెలుగులో రాసి ఉంచాం, మీ వివరాలు చేర్చుకుంటే చాలు.