షాపువారు మార్చి ఇస్తే హలాల్ అయిపోతుందా?

వుజూలో మోచేతి దగ్గర కాస్త చోటు తడవకుండా మిగిలిపోతే నమాజు నెరవేరిందో లేదోనని ఆందోళన పడే సోదరులు మనలో చాలామంది ఉన్నారు. మంచిదే. దైవభీతికి అది ఒక గుర్తు. కానీ అదే సోదరుడు బజారుకు వెళ్ళి ఏదైనా కొన్నప్పుడు, అమ్మినప్పుడు, పాడైన వస్తువు మార్చుకున్నప్పుడు అంత జాగ్రత్త పడటం అరుదుగా కనిపిస్తుంది. మామలాత్ (లావాదేవీలు) కూడా ధర్మంలో భాగమేననీ, ఫిఖహ్ గ్రంథాల్లో వాటికి ఆరాధనల కన్నా ఎక్కువ పేజీలే ఉంటాయనీ మనం తరచూ మర్చిపోతుంటాం. అందుకే లారీ నడుపుకుని బతికే ఒక సోదరుడు ఈ మధ్య అడిగిన ప్రశ్న మాకు సంతోషం కలిగించింది.

ఆయన లారీకి రెండు బ్యాటరీలు. కొని ఏడాదిన్నర అయింది. కార్డు మీద వారంటీ ఇంకా మిగిలి ఉంది. ఒక బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, చార్జింగు పెట్టినా నిలవడం లేదు. షాపుకు తీసుకువెళ్తే కార్డు చూసి, తేదీ చూసి, పాతది ఉంచుకుని కొత్తది ఇచ్చి పంపారు. ఇంతవరకు గొడవ ఏమీ లేదు. అయితే క్యాబిన్‌లో పాటలకు, అదనపు లైట్లకు ఆయన ఆ ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగారు. అలా చేయవద్దని ఎలక్ట్రీషియన్ రెండుసార్లు చెప్పాడట. షాపులో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. "నేను అబద్ధం ఆడలేదు. వాళ్ళే ఇచ్చారు. ఇది నాకు హలాలేనా?" అని ఆయన ప్రశ్న.

ఆ వైరు సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాం. ధర్మనిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. బండి నడిచేటప్పుడు రెండింటికీ చార్జింగు కలిసే ఎక్కుతుంది. 12 వోల్టుల సామాను కోసం ఒకదాని నుంచి మాత్రమే వైరు లాగితే అది రోజూ ఎక్కువ ఖర్చయి, సగం నిండుతూ, లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి చచ్చిపోతుంది. రెండోదానికేమో అవసరానికి మించి చార్జింగు ఎక్కి నీళ్ళు ఆవిరైపోతాయి. అంటే తప్పు కంపెనీది కాదు, ఆ వైరుది. దీనికి భిన్నంగా ఆరు సెల్లుల్లో అయిదు బాగుండి ఒక్కటే పడిపోతే, చాలాసార్లు అది తయారీలోనే ఉన్న లోపం. హైడ్రోమీటరు ముంచి ఆసిడ్ సాంద్రత చూసే అనుభవజ్ఞుడు ఈ తేడా చాలావరకు పట్టుకోగలడు. కానీ గిరాకీ ఎక్కువగా ఉన్న షాపులో అంత ఓపిక ఎవరికి?

ఇక ధర్మశాస్త్రం సంగతి. వారంటీ అనే మాట పాత గ్రంథాల్లో లేదు, దాని మూలాలు మాత్రం ఉన్నాయి. మొదటిది ఖియారె ఐబ్, అంటే సరుకులో లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు. అమ్మేవాని చేతిలో ఉన్నప్పుడే ఉన్న లోపం, కొనేవానికి తెలియకుండా వచ్చిన లోపం అయితే ఈ హక్కు ఉంటుంది. దీనికి కార్డు అక్కర లేదు, షరతు అక్కర లేదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు తగిలించి లోపాన్ని దాచిపెట్టినవాడు దైవం ముందు తప్పించుకోలేడు. కానీ కొన్న తర్వాత మన చేతిలో పుట్టిన లోపానికి ఈ హక్కు వర్తించదు.

రెండోది షరతు. అమ్మకంలో ఒక పక్షానికి లాభం చేకూర్చే అదనపు షరతును హనఫీ ఉలమా సాధారణంగా ఒప్పుకోరు. అయితే ప్రజల్లో వాడుక అయిపోయిన షరతును ఒప్పుకుంటారు. మదర్సాల్లో చదివే హిదాయా గ్రంథంలో దీనికి చెప్పుల ఉదాహరణ ఉంది. పట్టీ నువ్వే వేసి ఇవ్వాలన్న షరతుతో చెప్పులు కొంటే అది చెల్లుతుంది, ఎందుకంటే లోకం వాడుక అది. ఫ్రిజ్ కొన్నవారికి ఉచితంగా సర్వీసు చేసిపెడతామనే షరతును మన కాలపు పండితులు ఈ కోవలోనే చేర్చారు. బ్యాటరీతో పాటు వచ్చే వారంటీ కూడా ఇలాంటిదే. (వేరుగా డబ్బు కట్టి కొనే అదనపు వారంటీ వేరే విషయం. అందులో అనిశ్చితి, అంటే గరర్, ఉందా లేదా అనేది మరో చర్చ.)

ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారని, హలాల్‌ను హరాంగా, హరాంను హలాల్‌గా మార్చే షరతు మాత్రం చెల్లదని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. అంటే కార్డు మీద ఏది రాసి ఉందో అది రెండు వైపులా బంధం. గడువులో పాడైతే కారణం ఏదైనా మారుస్తామని రాసి ఉంటే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. తయారీ లోపానికి మాత్రమే, వాడకంలో తప్పుంటే చెల్లదు అని రాసి ఉంటే, ఆ మాటకూ మనం ఒప్పుకునే కొన్నాం. ఆ కార్డు చదివేవారెందరు అంటారా? నిజమే, అక్షరాలు చీమల్లా ఉంటాయి. కానీ గడువు ఎన్ని నెలలో మాత్రం అందరికీ కంఠతా వస్తుంది!

ఇక్కడ మరో వైపు కూడా చెప్పాలి. కొందరు దైవభీతి గల సోదరులు బ్యాటరీ గడువులోనే అరిగిపోయినా "వాడుకున్నాం కదా, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం" అని ఊరుకుంటారు. అలా ఊరుకోనవసరం లేదు. సరిగ్గా చార్జింగు పెట్టి, డిస్టిల్డ్ వాటరే పోసి, వాడవలసిన రీతిలో వాడినా గడువు లోపే బ్యాటరీ చచ్చిపోయిందంటే కంపెనీ ఇచ్చిన మాట నిలవలేదన్నమాటే. అడగడం హక్కు. ఎందుకు పాడైందో మనకు తెలియనప్పుడు లేని తప్పు ఊహించుకుని నెత్తిన వేసుకోనక్కర లేదు. తెలిసినంత చెప్పి, పరీక్ష షాపుకు వదిలేయాలి. వారు చూసి లోపమని నిర్ణయిస్తే మనసులో సందేహాలు పెంచుకోవడం వస్వసా అవుతుంది.

కాబట్టి చిక్కంతా తెలిసి కూడా చెప్పకుండా ఉండటంలోనే ఉంది. "వాళ్ళే ఇచ్చారు" అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దాని సారాంశం ఇది: ఇద్దరు తగువుతో వస్తే ఒకరు రెండోవారి కన్నా నేర్పుగా మాట్లాడవచ్చు, విన్నదాన్ని బట్టి నేను తీర్పు ఇస్తాను, ఆ తీర్పుతో ఎవరికైనా తన సోదరుని హక్కు దక్కితే అది అతనికి దక్కిన నిప్పు ముక్క అని ప్రవక్త (స) హెచ్చరించారు. గమనించండి! స్వయంగా దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పే మరొకరి హక్కును మనకు హలాల్ చేయకపోతే, కౌంటరు దగ్గర కార్డు మీద ముద్ర వేసిన కుర్రవాని నిర్ణయం ఎలా చేస్తుంది? అతను విన్నదాన్ని బట్టి, చూసినదాన్ని బట్టి ఇచ్చాడు. వైరు సంగతి మన దగ్గరే ఉండిపోయింది.

ధాన్యపు రాశి హదీసు అందరికీ తెలిసిందే. పైన పొడిగా ఉన్న రాశిలో ప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని ఆ వ్యాపారి చెప్పాడు. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) అడిగారు, మోసగించేవాడు మావాడు కాడన్నారు. ఆ వ్యాపారి అబద్ధమేమీ ఆడలేదు. తడిని కింద ఉంచాడు, అంతే. సాధారణంగా ఈ హదీసును అమ్మేవారికి వినిపిస్తాం. కానీ వారంటీ కింద పాత బ్యాటరీ ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు కొనుగోలుదారు కూడా ఒక సరుకును అవతలివాని చేతిలో పెడుతున్నాడు. దాని లోపలి తడి అతనికే తెలుసు.

"వాళ్ళు వారంటీ ఖర్చు ధరలోనే కలిపి తీసుకున్నారు కదా" అని ఒక వాదన వింటుంటాం. కలిపే ఉంటారు. కానీ తాము మాట ఇచ్చిన లోపాల కోసం కలిపారు. మన నిర్లక్ష్యానికీ అదే సొమ్ము లాగితే, రేపు ధర పెరిగి ఆ భారం మన పక్క లారీ సోదరుని మీదే పడుతుంది. "పెద్ద కంపెనీ, పైగా ముస్లింలది కాదు" అనేది మరో వాదన. దీనికి సమాధానం హిజ్రత్ రాత్రిలోనే ఉంది. తనను చంపడానికి పథకం వేసిన మక్కావాసుల అమానతులు తన దగ్గర ఉంటే, వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని ప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. పైగా కంపెనీ ఒప్పుకోకపోతే నష్టం ఎవరి మీద పడుతుంది? పాత బ్యాటరీని కంపెనీ పరీక్షించి క్లెయిము తిప్పి పంపితే, కొత్త బ్యాటరీ ఇచ్చేసిన ఆ చిన్న షాపు యజమానే భరించాలి.

షాపులు నడిపే సోదరులతో కూడా రెండు మాటలు. ఆటోనగర్లలో బ్యాటరీలు అమ్మేవారిలో, లారీ వైరింగు చేసేవారిలో మనవారు ఎందరో ఉన్నారు. కార్డు మీద అమ్మిన తేదీ రాయకుండా ఖాళీగా వదిలి, "పాడైనప్పుడు తీసుకురా, చూసి వేద్దాం" అనడం కొన్నిచోట్ల సేవ కింద చెలామణి అవుతోంది. ఇది ఇద్దరు కలిసి మూడోవాణ్ణి మోసగించడం, దీనికి వేరే పేరు లేదు. నెలల తరబడి గోడ పక్కన చార్జింగు లేకుండా పడి ఉన్న బ్యాటరీని తాజా సరుకని అమ్మడం ఆ తడిసిన ధాన్యం లాంటిదే. ఇక న్యాయంగా వచ్చిన ఖాతాదారుణ్ణి "రేపు రా, ఎల్లుండి రా" అని గడువు దాటేదాకా తిప్పేవారి సంగతి ఏమిటి? తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకుని, ఇవ్వవలసింది తగ్గించేవారికి వినాశం ఉందని దివ్యఖుర్ఆన్‌లో అల్ ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తోంది. ఆ కొలత పాత్ర షాపు చేతిలోనూ ఉంది, లారీ యజమాని చేతిలోనూ ఉంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి ఒకసారి లోపం ఉన్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పకుండా అమ్మేశాడు. కొన్నది ఎవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు సొమ్మంతా సదఖా చేశారని చరిత్రకారులు రాశారు. ఇందులో ఒక వివరం చాలామంది దృష్టికి రాదు. కొన్నవాడు తెలియలేదు కాబట్టే సదఖా. హక్కుదారుడు తెలిసి ఉంటే అతనికే చేర్చాలి. మస్జిద్ పెట్టెలో వంద రూపాయలు వేసి షాపువాని హక్కు తీరిపోయిందనుకునే అలవాటు మనలో ఉంది. అది తీరదు.

ఇప్పుడు ఆ సోదరుని విషయం. ఆయన షాపుకు వెళ్ళి యజమానితో ఒక్క మాట చెప్పాలి: ఆ బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగాను, బహుశా అందుకే పోయింది. కౌంటరు కుర్రవానికి చెబితే సరిపోదు, ఎందుకంటే పరాయివాని సొత్తును వదులుకునే అధికారం అతనికి లేదు. కొన్ని షాపులు ఖాతాదారుణ్ణి పోగొట్టుకోకూడదని గడువులో వచ్చినదాన్ని ఏమీ అడగకుండా మార్చేస్తాయి. తెలిసి కూడా యజమాని "ఫరవాలేదు భాయ్, వాడుకో" అంటే ఆ నిమిషం నుంచి అది హలాల్. నష్టం కంపెనీది అయితే కంపెనీకి నిజం రాసి పంపమనాలి. ఒకవేళ కంపెనీ తిప్పి పంపితే కొత్త బ్యాటరీ ధరలో పాత బ్యాటరీ సీసం తుక్కు విలువ తీసేసి మిగిలింది ఆయన బాకీ. ఉదాహరణకు కొత్తది 12,000 రూపాయలు, తుక్కు 3,000 అనుకుంటే 9,000 ఇవ్వాలి. ఒక్కసారి ఇవ్వలేకపోతే గడువు అడగవచ్చు, వాయిదాల్లో ఇవ్వవచ్చు. షాపు మూతపడి యజమాని చనిపోయి ఉంటే వారసులకు చేరాలి, ఎంత వెతికినా ఎవరూ దొరకకపోతే అప్పుడు సదఖా.

ఇక ఆ వైరును ఈ వారమే తీయించి, 24 వోల్టులను 12 చేసే కన్వర్టరు పెట్టించుకోవాలి. రెండో పాత బ్యాటరీని కూడా హైడ్రోమీటరుతో చూపించుకోవడం మంచిది. పాతదానితో కొత్తది కలిపి నడిపితే కొత్తది కూడా త్వరగా పోతుందని ఆ ఎలక్ట్రీషియనే చెబుతాడు, ఈసారి వింటే.