కళ్లు తెరిస్తే చాలా?

మందస వాసుదేవ పెరుమాళ్ ఎదుట నిలబడి కూడా ‘ఏమీ అనిపించలేదే’ అని బాధపడ్డారా?

ఎంఐటీ శాస్త్రవేత్త పవన్ సిన్హా ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’లో, పుట్టుకతో చూపులేని మన దేశపు పిల్లలకు ఆపరేషన్లు చేయించారు. 2011లో ప్రచురించిన ఫలితం చూడండి: చూపు వచ్చాక కూడా, చేత్తో తడిమిన బొమ్మ ఏదో కంటితో చూసి పోల్చుకోలేకపోయారు. కొద్దిరోజుల్లోనే నేర్చుకున్నారు. కన్ను తెరుచుకున్నా, చూడటం మెదడు నేర్చుకోవాలి.

దర్శనమూ అంతే. రోజూ రెండు నిమిషాలు స్వామిని చూడండి, మనసు నేర్చుకుంటుంది.

ఇంకో మాట. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే ‘పూర్వజన్మ కర్మ’ అనకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. ఆలస్యమైతే కొన్ని మెదడు నేర్చుకోలేదు. ఆ బిడ్డకు అమ్మ ముఖమే తొలి దర్శనం.